పోర్చుగల్ లీగ్ పట్టికలో 16, 17 స్థానాలు తారుమారు

సంపాదకులకు,

నమస్కారం. స్వీడన్ స్ట్రైకర్ విక్టర్ యోకెరెస్, ఆ సీజన్ ఛాంపియన్ అయిన లిస్బన్ క్లబ్ స్పోర్టింగ్‌ను వదిలి ఆర్సెనల్‌కు వెళ్ళిన సందర్భంగా మీ క్రీడల పేజీలో పోర్చుగల్ లీగ్ 2024–25 సీజన్ మీద ఒక కథనం, పక్కనే పాయింట్ల పట్టిక వేశారు. ఇంగ్లండ్, స్పెయిన్ దాటి తెలుగు పత్రిక లిస్బన్ దాకా వెళ్ళడం అరుదు, అందుకు సంతోషం. కానీ పట్టికలో ఒక తప్పు దొర్లింది. కథనంలో కూడా అసలు సంగతి పక్కకు పోయింది. రెండింటికీ కారణం ఒకటే గనుక కలిపి రాస్తున్నాను.

ముందు తప్పు సంగతి. పట్టికలో 16వ స్థానంలో ఫరెన్స్, 17వ స్థానంలో ఏవీఎస్ ఉన్నాయి. అవి అటూ ఇటూ అయ్యాయి. రెండు జట్లకూ 27 పాయింట్లే. గోల్ తేడాలో (కొట్టిన గోల్స్‌లోంచి ఇచ్చినవి తీసేస్తే మిగిలేది) ఫరెన్స్ మెరుగ్గా ఉంది కాబట్టి మీ డెస్క్ దాన్ని పైన పెట్టి ఉంటుంది. ఇంగ్లండ్ లీగ్ అయితే అదే సరైన పద్ధతి. పోర్చుగల్‌లో కాదు. అక్కడ పాయింట్లు సమానమైతే ముందు చూసేది ఆ రెండు జట్లూ తమలో తాము ఆడిన రెండు మ్యాచ్‌ల ఫలితం. ఆ లెక్కలో ఏవీఎస్‌ది పైచేయి. ఇది అంకె మార్చుకుంటే సరిపోయే తేడా కూడా కాదు. 18 జట్ల లీగ్‌లో 17, 18 స్థానాల వాళ్ళు నేరుగా రెండో డివిజన్‌కు పోతారు. 16వ స్థానం జట్టుకు మాత్రం రెండో డివిజన్‌లో మూడో స్థానం తెచ్చుకున్న జట్టుతో రెండు మ్యాచ్‌ల ప్లేఆఫ్ ఉంటుంది. ఏవీఎస్ ఆ ప్లేఆఫ్‌లో విజేలాను ఓడించి నిలబడింది. ఫరెన్స్ ఆడే అవకాశమే లేకుండా దిగిపోయింది. మీ పట్టిక ప్రకారం చదివిన పాఠకుడికి, 16వ స్థానం జట్టు ఎందుకు పడిపోయిందో, 17వ స్థానం జట్టు 2025–26లో మళ్ళీ పై లీగ్‌లో ఎలా ఆడిందో అర్థం కాదు.

ఈ నియమం తెలియకపోతే పైన టైటిల్ కథ కూడా సగమే తెలుస్తుంది.

ఐపీఎల్‌కు అలవాటుపడిన మనకు పాయింట్లు సమానం అనగానే నెట్ రన్‌రేట్ గుర్తొస్తుంది. బలహీనమైన జట్టు దొరికినప్పుడు చితక్కొట్టి పెట్టుకుంటే ఆఖర్లో పనికొస్తుంది. పోర్చుగల్‌లో ఆ సేవింగ్స్ ఖాతా పెద్దగా పనికిరాదు. వరస ఇలా ఉంటుంది: మొదట మొత్తం పాయింట్లు. సమానమైతే ఆ జట్ల మధ్య మ్యాచ్‌లలో వచ్చిన పాయింట్లు. అవీ సమానమైతే ఆ మ్యాచ్‌లలోనే గోల్ తేడా. అక్కడా తేలకపోతే అప్పుడు సీజన్ మొత్తం మీద గోల్ తేడా. మూడు జట్లు సమానంగా ఉంటే ఆ మూడింటి మధ్య మ్యాచ్‌లతో చిన్న పట్టిక ఒకటి వేస్తారు. ఒకళ్ళతో ఒకళ్ళు రెండుసార్లు, సొంతగడ్డ మీద ఒకటి, అవతలి గడ్డ మీద ఒకటి ఆడతారు కాబట్టి రెండోది అయ్యేదాకా ఆ లెక్క సగమే. పొరపాట్లు జరిగేది ఇక్కడే. సీజన్ మధ్యలో వేసిన పట్టిక వరసను చివర కూడా అలాగే ఉంచేస్తారు.

ఇప్పుడు మే 10, 2025 సాయంత్రం, లిస్బన్‌లోని ఇంకో పెద్ద క్లబ్ బెన్ఫికా సొంతగడ్డ లూజ్ స్టేడియానికి వద్దాం. 32 రౌండ్లు అయ్యాయి. స్పోర్టింగ్‌కు 78, బెన్ఫికాకు 78. ఇంకా రెండు రౌండ్లే ఉన్నాయి, అందులో మొదటిది ఈ రెండింటి మధ్యే. అంతకు ముందు డిసెంబర్ 29న స్పోర్టింగ్ తన గడ్డ మీద 1–0తో గెలిచింది, గోల్ మొజాంబిక్ కుర్రాడు జెని కతామోది. ఆ ఒక్క గోల్ మే నెల లెక్కనంతా ఒక పక్కకు వంచేసింది. స్పోర్టింగ్ లూజ్‌లో గెలిస్తే 81, బెన్ఫికా చివరి మ్యాచ్ గెలిచినా 81 దగ్గరే ఆగాలి, ముఖాముఖి రెండు మ్యాచ్‌లూ స్పోర్టింగ్‌వే కనుక ఆ రాత్రే ఛాంపియన్. బెన్ఫికా గెలిచినా ఒక్క గోల్ తేడాతో అయితే ఆ రాత్రి సంబరం కుదరదు. ముఖాముఖి పాయింట్లు 3–3, గోల్ తేడా కూడా సమానం, కథ చివరి రౌండ్‌కు పోతుంది. రెండు గోల్స్ తేడా ఉంటేనే బెన్ఫికా అక్కడికక్కడ ఛాంపియన్. ఒకే మ్యాచ్, ఒకే పాయింట్లు, కానీ ఒక జట్టుకు ఒక గోల్ చాలు, రెండో జట్టుకు రెండు కావాలి. మ్యాచ్ చూసినవాళ్ళకు స్పోర్టింగ్ రెండో సగంలో ఎందుకంత వెనక్కి జరిగి ఆడిందో ఈ లెక్క చెబుతుంది.

నాలుగో నిమిషంలోనే స్పోర్టింగ్ ఆటగాడు త్రింకావ్ గోల్ కొట్టాడు. 63వ నిమిషంలో బెన్ఫికా తరఫున అక్తుర్కోలు సమం చేశాడు. 1–1. ఇద్దరికీ 79.

మీ కథనంలో ‘చివరి రోజుకు రెండు జట్లూ సమానంగా వచ్చాయి’ అని ఉంది. అంకెల్లో సమానం, నిజానికి కాదు. ముఖాముఖిలో స్పోర్టింగ్‌కు 4 పాయింట్లు, బెన్ఫికాకు 1. అంటే మే 17న బెన్ఫికా స్పోర్టింగ్ కంటే మంచి ఫలితం తెచ్చుకోవాలి. ఇద్దరూ గెలిస్తే స్పోర్టింగ్, ఇద్దరూ డ్రా చేసుకుంటే స్పోర్టింగ్, ఇద్దరూ ఓడినా స్పోర్టింగే. అప్పటికి సీజన్ మొత్తం గోల్ తేడా స్పోర్టింగ్‌కు 59, బెన్ఫికాకు 56. గోల్ తేడా నియమమే ఉండి ఉంటే బెన్ఫికాకు ఇంకో దారి మిగిలేది: స్పోర్టింగ్ ఒక్క గోల్‌తో గట్టెక్కి, తాను చివరి మ్యాచ్‌లో బ్రాగా మీద ఐదు గోల్స్ తేడాతో గెలిస్తే చాలు. ముఖాముఖి నియమం ఆ తలుపు మూసేసింది. బెన్ఫికా ఎన్ని గోల్స్ కొట్టినా ప్రయోజనం లేదు, అక్కడ స్పోర్టింగ్ జారాలి.

జారలేదు. సొంత స్టేడియం అల్వలాడేలో 55వ నిమిషంలో పెద్రో గొన్సాల్వెస్, 82వ నిమిషంలో యోకెరెస్. గిమరాయిష్ వితోరియా మీద 2–0. అటు బ్రాగాలో బెన్ఫికా వెనకబడి, పావ్లిదిస్ గోల్‌తో 1–1 చేసుకుంది. చివరికి 82, 80. ‘రెండు పాయింట్ల తేడాతో టైటిల్’ అన్న మీ శీర్షిక తప్పు కాదు, కానీ ఆ రెండు పాయింట్లు చివరి తొంభై నిమిషాల్లో వచ్చినవి. వాటికి ముందు స్పోర్టింగ్‌ను పైన నిలబెట్టింది డిసెంబర్ గోల్.

ఆ డిసెంబర్ గోల్ వెనుక అసలు కథ ఉంది. మీ కథనం దాన్ని ‘కోచ్ మార్పుల తర్వాత’ అన్న మూడు మాటల్లో దాటేసింది. స్పోర్టింగ్ ఆ సీజన్‌లో ముగ్గురు కోచ్‌లతో గెలిచింది. ఎవరి కింద ఎన్ని పాయింట్లు వచ్చాయో విడదీస్తే సీజన్ మొత్తం కళ్ళ ముందుంటుంది.

రూబెన్ అమొరిమ్: 11 మ్యాచ్‌లు, 11 విజయాలు, 33 పాయింట్లు. చివరిది నవంబర్ 10న బ్రాగాలో, 0–2 వెనకబడి 4–2తో. అంతకు ఐదు రోజుల ముందే ఛాంపియన్స్ లీగ్‌లో మాంచెస్టర్ సిటీని 4–1తో ఓడించాడు, యోకెరెస్ హ్యాట్రిక్. అక్కడినుంచి మాంచెస్టర్ యునైటెడ్‌కు. ఒప్పందం మధ్యలో తీసుకుపోవాలంటే కట్టాల్సిన విడుదల మొత్తం కోటి యూరోలు. 2020లో స్పోర్టింగ్ ఇతన్ని బ్రాగా నుంచి తెచ్చుకున్నప్పుడు కట్టింది కూడా ఇంచుమించు అంతే. నాలుగున్నరేళ్ళు, రెండు టైటిళ్ళు, వెళ్ళేటప్పుడు అసలు సొమ్ము వెనక్కి. పోర్చుగల్ క్లబ్బులకు ఆటగాళ్ళే కాదు, కోచ్‌లూ అమ్ముడుపోయే సరుకే.

జువావ్ పెరైరా: 4 మ్యాచ్‌లు, 4 పాయింట్లు. క్లబ్ మాజీ రైట్ బ్యాక్, అప్పటిదాకా బి జట్టు కోచ్. నవంబర్ 30న సొంతగడ్డ మీద సాంత క్లారా చేతిలో 0–1, డిసెంబర్ 5న మొరైరెన్స్‌లో 1–2. తర్వాత బోవిష్టా మీద 3–2, జిల్ విసెంతెతో 0–0. వీటన్నిటికీ ముందే యూరప్‌లో ఆర్సెనల్ చేతిలో 1–5. గమనించాల్సింది ఏమిటంటే 34 మ్యాచ్‌ల లీగ్‌లో స్పోర్టింగ్ ఓడినవి రెండే, ఆ రెండూ ఈ ఆరు రోజుల్లోనివే. తప్పంతా ఆయనదే అనడం కూడా న్యాయం కాదు. ముగ్గురు డిఫెండర్లు, అంచుల వెంట ముందుకీ వెనక్కీ పరిగెత్తే ఇద్దరు వింగ్ బ్యాక్‌లతో అమొరిమ్ అల్లిన ఆట ఎడమవైపు నూనో శాంతోస్ మీద, లోపలికి దూరే పెద్రో గొన్సాల్వెస్ మీద నడిచేది. శాంతోస్ మోకాలు అక్టోబర్‌లో పోయింది, సీజన్ అయిపోయింది. గొన్సాల్వెస్ అమొరిమ్ చివరి మ్యాచ్‌లోనే, బ్రాగాలో, గాయపడి ఏప్రిల్ దాకా రాలేదు. అదే ఆటను, సగం మనుషులతో, కొత్త గొంతు నడపాల్సి వచ్చింది. మే 17న మొదటి గోల్ కొట్టింది ఇదే గొన్సాల్వెస్ అని మీ కథనంలో ఉంటే బాగుండేది.

రుయ్ బోర్జెస్: 19 మ్యాచ్‌లు, 13 విజయాలు, 6 డ్రాలు, ఓటమి లేదు, 45 పాయింట్లు. మూడూ కూడితే 82. బోర్జెస్‌ను డిసెంబర్ 26న తెచ్చారు, అదీ సీజన్ మధ్యలో, గిమరాయిష్ వితోరియా నుంచి. మూడు రోజుల తర్వాత మొదటి మ్యాచ్ బెన్ఫికాతో. ఆ రోజుకు పట్టికలో బెన్ఫికా 38, స్పోర్టింగ్ 37. రెండో మ్యాచ్ జనవరి 3న ఎక్కడో తెలుసా, తాను వారం కిందటే వదిలొచ్చిన గిమరాయిష్‌లో. 3–1 ఆధిక్యం పోయి, 3–4 వెనకబడి, ఇంజ్యూరీ టైమ్‌లో త్రింకావ్ గోల్‌తో 4–4. ఇక టైటిల్ తేలిన చివరి మ్యాచ్ కూడా అదే వితోరియాతో. ఆ పాత జట్టు కూడా యూరప్ చోటు కోసం ఆడుతోంది, ఓడి ఆరో స్థానంలో ఆగింది.

బోర్జెస్ మొదట నలుగురు డిఫెండర్ల వరసకు మార్చాడు. గాయాలు ముప్పిరిగొని ఫిబ్రవరిలో పోర్టోతో 1–1, అరౌకాతో 2–2, ఏవీఎస్‌తో 2–2, వరసగా మూడు డ్రాలు, ఆరు పాయింట్లు నేలపాలు. తర్వాత ఆటగాళ్ళకు అలవాటైన ముగ్గురి వరసకే వెనక్కి వచ్చాడు. సొంత ఆలోచనను పక్కన పెట్టి, ముందున్నవాడి పద్ధతిని తిరిగి తెచ్చుకోవడం కోచ్‌లు తేలిగ్గా చేసే పని కాదు. నా లెక్కలో ఈ టైటిల్‌లో ఆయన చేసిన పెద్ద పని అదే.

ఏప్రిల్ 7న బ్రాగాతో సొంతగడ్డ మీద 1–1 అయ్యేసరికి స్పోర్టింగ్ 66, బెన్ఫికా 68. అప్పుడు మొగ్గు బెన్ఫికాదే. ముందురోజే వాళ్ళు పోర్టో గడ్డ మీద 4–1తో గెలిచారు, పావ్లిదిస్ హ్యాట్రిక్. నవంబర్‌లో లూజ్‌లో కూడా పోర్టోను అదే 4–1తో కొట్టారు. ఇంత ఊపులో ఉన్నవాళ్ళు వారం తిరక్కుండానే ఏప్రిల్ 13న సొంత స్టేడియంలో అరౌకాతో 2–2, అదీ ఆఖరి నిమిషాల్లో గోల్ ఇచ్చి. పాయింట్లు మళ్ళీ సమానం. ఆ తర్వాత స్పోర్టింగ్ కూడా సులువుగా ఏమీ రాలేదు. మే 4న జిల్ విసెంతె మీద వెనకబడి, మక్సి అరౌహో సమం చేశాక, ఇంజ్యూరీ టైమ్‌లో డిఫెండర్ ఎదువార్దో క్వారెష్మా గోల్‌తో 2–1. ఆ గోల్ లేకపోతే లూజ్‌కు రెండు పాయింట్లు వెనక వెళ్ళేవాళ్ళు.

బెన్ఫికా ఎక్కడ పోగొట్టుకుందో కూడా చూడాలి. 34 మ్యాచ్‌లకు 102 పాయింట్లు, వాళ్ళకు వచ్చినవి 80, పోయినవి 22. ఓటములు నాలుగు: ఫామలికావ్‌లో 0–2, స్పోర్టింగ్‌తో 0–1, సొంతగడ్డ మీద బ్రాగాతో 1–2, కాజ పీయతో 1–3. డ్రాలు ఐదు: మొరైరెన్స్, ఏవీఎస్, అరౌకా, స్పోర్టింగ్, బ్రాగా. మొదటి నాలుగు మ్యాచ్‌లలోనే 5 పాయింట్లు పోయాయి, రోజర్ ష్మిట్‌ను ఆగస్ట్ 31న పంపించేశారు. బ్రూనో లాజ్ వచ్చి జట్టును నిలబెట్టాడు. రెండు జట్ల విజయాలూ 25 చొప్పున సమానమే. తేడా ఓటములూ డ్రాల మధ్య ఉంది: స్పోర్టింగ్ తొమ్మిదిసార్లు జారితే ఏడుసార్లు ఒక పాయింటైనా చేతిలో పెట్టుకుంది, బెన్ఫికా తొమ్మిదిలో నాలుగుసార్లు ఉత్త చేతులతో వచ్చింది. గిమరాయిష్‌లో ఆ 4–4 కూడా ఇలాంటి పాయింటే. ఇక్కడ మళ్ళీ నియమం అడ్డొస్తుంది చూడండి. అరౌకాతో ఆ చివరి గోల్ పడకుండా ఉండి, మిగతా ఫలితాలన్నీ అలాగే ఉన్నాయనుకుందాం. చివరికి 82–82. ముఖాముఖిలో స్పోర్టింగే ఛాంపియన్.

పోర్టో గురించి ఎక్కువ చెప్పేదేం లేదు, 71 పాయింట్లతో మూడోది. 42 ఏళ్ళు అధ్యక్షుడిగా ఉన్న పింటో ద కోస్టాను 2024 ఏప్రిల్‌లో ఓడించి ఆంద్రే విలాష్ బోయాష్ వచ్చాడు. చేతిలో అప్పులు, కొత్త కోచ్ వితోర్ బ్రూనో. జనవరిలో నాసియొనాల్, జిల్ విసెంతెల చేతిలో వరస ఓటములు, కోచ్ మార్పు, ఫిబ్రవరి మొదటి వారంలోగా నికో గొన్సాలెస్‌ను మాంచెస్టర్ సిటీకీ గలెనోను సౌదీకీ అమ్మకం. మధ్య సీజన్‌లో ఇద్దరు ముఖ్యులను అమ్మిన జట్టు టైటిల్ పోటీలో ఉండదు.

ఇక యోకెరెస్. 33 మ్యాచ్‌లలో 39 గోల్స్. ఇంకెవరూ 20 దాటలేదు. ముందు సీజన్‌లో 29. ఇంత చేసిన ఆటగాడి గురించి మీ కథనం పొగిడిన ప్రతి మాటా అతనికి చెందుతుంది. కానీ ‘యూరప్‌లో అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టి గోల్డెన్ షూ గెలిచాడు’ అన్నది సవరించాలి. గోల్డెన్ షూ గోల్స్‌తో కాదు, పాయింట్లతో ఇస్తారు. మొదటి ఐదు లీగ్‌లలో గోల్‌కు 2 పాయింట్లు, పోర్చుగల్ లాంటి తర్వాతి లీగ్‌లలో ఒకటిన్నర. 39ని ఒకటిన్నరతో గుణిస్తే 58.5. రియల్ మాడ్రిడ్‌లో ఎంబాపే కొట్టింది 31, రెండుతో గుణిస్తే 62. షూ అతనిది. లివర్‌పూల్ సలా 29 గోల్స్‌తో 58. అరపాయింట్ తేడాతో యోకెరెస్ రెండో స్థానం.

అతని గోల్స్ వల్లే టైటిల్ అంటే ఇంకో చిక్కు ఉంది. ఆ రెండు ఓటముల్లోనూ, ఆ ఏడు డ్రాల్లో చాలావాటిలోనూ యోకెరెస్ జట్టులోనే ఉన్నాడు. బెన్ఫికాతో రెండు లీగ్ మ్యాచ్‌లలో స్పోర్టింగ్ కొట్టినవి రెండే గోల్స్, ఒకటి కతామోది, ఒకటి త్రింకావ్‌ది. టైటిల్ తేల్చిన ముఖాముఖి లెక్కలో యోకెరెస్ పేరు లేదు. అతని లెక్క వేరే రోజు తేలింది: మే 25న పోర్చుగల్ కప్ ఫైనల్‌లో, ఇంజ్యూరీ టైమ్ కూడా అయిపోవచ్చాక, అతని పెనాల్టీతోనే స్పోర్టింగ్ 1–1 చేసుకుని అదనపు సమయంలో బెన్ఫికాను 3–1తో ఓడించింది. లీగ్, కప్ రెండూ కలిపి గెలవడం స్పోర్టింగ్‌కు 2001–02 తర్వాత ఇదే. వరసగా రెండు లీగ్ టైటిళ్ళు గెలవడమైతే 1950ల తర్వాత ఇదే మొదటిసారి. లీగ్ కప్ మాత్రం జనవరిలో పెనాల్టీ షూటౌట్‌లో బెన్ఫికా పట్టుకుపోయింది.

కప్ సంగతి ఎత్తింది ఊరికే కాదు, యూరప్ చోట్ల లెక్క దానితో మారుతుంది. కప్ విజేతకు యూరోపా లీగ్‌లో (ఛాంపియన్స్ లీగ్ తర్వాతి మెట్టు పోటీ) నేరుగా చోటు ఉంటుంది. ఛాంపియన్ అయిన స్పోర్టింగ్‌కు అప్పటికే ఛాంపియన్స్ లీగ్ చోటు ఉంది, కాబట్టి అది కిందికి జారి మూడో స్థానం పోర్టోకు దక్కింది. బ్రాగా యూరోపా లీగ్ క్వాలిఫైయింగ్‌కు, ఐదో స్థానం సాంత క్లారా ఆ కింది మెట్టు కాన్ఫరెన్స్ లీగ్ క్వాలిఫైయింగ్‌కు. రెండో స్థానం బెన్ఫికాకు ఛాంపియన్స్ లీగ్ నేరుగా రాలేదు, మూడో క్వాలిఫైయింగ్ రౌండ్ నుంచి ఆడాల్సి వచ్చింది. మీ పట్టికలో మొదటి రెండు స్థానాలకూ ఒకే రంగు వేశారు, అది కూడా సరిచేయాలి.

సాంత క్లారాకు మీరు ఒక వాక్యమైనా ఇవ్వాల్సింది. అట్లాంటిక్ మధ్యలో అజోరెస్ దీవుల జట్టు, ముందు ఏడాది రెండో డివిజన్‌లో ఉంది, వచ్చిన మొదటి సీజన్‌లోనే 57 పాయింట్లు. ప్రతి రెండో మ్యాచ్‌కు విమానం ఎక్కే జట్టు అది.

అడుగున 24 పాయింట్లతో బోవిష్టా. తొంభై ఏళ్ళ లీగ్ చరిత్రలో బెన్ఫికా, పోర్టో, స్పోర్టింగ్ కాక టైటిల్ గెలిచినవి రెండే: 1945–46లో బెలెనెన్సెస్, 2000–01లో బోవిష్టా. ఆ క్లబ్ పతనం మైదానంలో మొదలైంది కాదు. పాత బాకీలు తీర్చక కొత్త ఆటగాళ్ళను నమోదు చేసుకోకుండా ఫిఫా ఆంక్ష పడింది, ఉన్నవాళ్ళతోనే సీజన్‌లో ఎక్కువ భాగం నెట్టుకొచ్చారు. కింద పడ్డాక రెండో డివిజన్ లైసెన్స్ కూడా రాలేదు, ఆర్థిక పత్రాలు చూపలేకపోయారు. ‘బోవిష్టా వచ్చే ఏడాది రెండో డివిజన్‌లో ఆడుతుంది’ అన్న మీ చివరి వాక్యం అందుకే నిలవదు. ప్రసార హక్కులను ఇంగ్లండ్‌లోలా లీగ్ కలిపి అమ్మకుండా ఎవరిది వాళ్ళు అమ్ముకోవడం వల్ల పెద్ద మూడింటికీ మిగతావాళ్ళకూ మధ్య డబ్బు తేడా బాగా ఎక్కువ. 2021లో చేసిన చట్టం ప్రకారం 2028–29 నుంచి కలిపి అమ్మాలి. అప్పటిదాకా ఇలాంటి కూలిపోవడాలు ఇంకా చూస్తాం.

ఇకముందు సీజన్లకు డెస్క్‌కు పనికొచ్చే రెండు మూడు సంగతులు. లిస్బన్ గడియారం మార్చి చివరినుంచి అక్టోబర్ చివరిదాకా మనకంటే నాలుగున్నర గంటలు, మిగతా రోజుల్లో ఐదున్నర గంటలు వెనక. చలికాలంలో అక్కడ రాత్రి ఎనిమిదిన్నరకు మొదలయ్యే మ్యాచ్ మనకు మర్నాడు తెల్లవారుజామున రెండు గంటలకు. పేజీ అప్పటికే అచ్చుకు పోయి ఉంటుంది, ఫలితం ఎల్లుండి వస్తుంది, ‘నిన్న’ అని రాస్తే తేదీ తప్పుతుంది. తేదీ అంకెతో వేయడమే మంచిది.

పేర్ల సంగతి. ‘స్పోర్టింగ్ లిస్బన్’ అని క్లబ్ లేదు, దాని పేరు స్పోర్టింగ్ క్లూబ్ ద పోర్చుగల్. ఒట్టి స్పోర్టింగ్ అంటే చాలు. గిమరాయిష్ జట్టు పేరు వితోరియా, సెతుబల్‌లో ఇంకో వితోరియా ఉంది, ఊరు పేరు కలిపి రాయాలి. ‘జోవో’ కాదు, జువావ్. ‘గ్యోకెరెస్’ కాదు, స్వీడన్‌లో దాన్ని యోకెరెస్ అనే పలుకుతారు. మేస్త్రీ, ఇస్త్రీ, అల్మారా, తువాలు అన్నీ పోర్చుగీసు నోటినుంచి వచ్చి మనవైపోయినవే. ఆ నోటి పేర్లను ఇంగ్లీషు అక్షరాల మీదుగా తిప్పి తెచ్చుకోవాల్సిన అవసరం తెలుగుకు లేదు.

పట్టిక కింద సన్నని అక్షరాల్లో ఒక్క వరస వేయండి: ‘పాయింట్లు సమానమైతే ముఖాముఖి ఫలితం ముందు, గోల్ తేడా తర్వాత.’ 16, 17 స్థానాల సవరణ కూడా ఒక మూల వేస్తే ఫరెన్స్ దిగిపోయిన సంగతి పాఠకుడికి తెలుస్తుంది. ఇంకొక్కటి. యోకెరెస్ స్థానంలో స్పోర్టింగ్ తెచ్చుకున్న స్ట్రైకర్ పేరు లూయిస్ సువారెజ్. స్పెయిన్‌లో అల్మేరియా నుంచి వచ్చిన కొలంబియా ఆటగాడు. అతను గోల్ కొట్టిన రోజున దయచేసి ఉరుగ్వే సువారెజ్ ఫొటో వేయకండి.

ఇట్లు,
మీ క్రీడల పేజీ పాఠకుడు,
వరంగల్